వంగిన కత్తి, తిరగని డయల్ – నా అనుభవం

హారర్‌క్లిక్స్ అని 2006లో విజ్‌కిడ్స్ కంపెనీ తెచ్చిన బొమ్మల ఆట ఒకటుంది. జాంబీలు, రాక్షసులు, అన్నీ రంగులు వేసే వచ్చేవి. సీల్డ్ ప్యాకెట్‌లో ఏ బొమ్మ వస్తుందో తెలీదు కదా అని నేను సెకండ్ హ్యాండ్‌లో విడిగా ఓ పన్నెండు తెప్పించుకున్నాను. అవి ఎంవీపీ కాలనీలో మా ఇంటికి చేరేసరికి ఒకడి కత్తి ఎండిపోయిన మునక్కాయలా వంగిపోయింది, ఇంకోదాని డయల్, అంటే పీఠం కింద తిరిగే అంకెల చక్రం, కదలనే లేదు.

ఈ ఆటకి ప్రాణం ఆ డయలే. పీఠంలో చిన్న సందు ఉంటుంది, అందులో వేగం, దాడి, రక్షణ, దెబ్బ అంకెలు కనిపిస్తాయి. రెండు పాచికలు వేసి, వచ్చినదానికి మన దాడి అంకె కలిపితే ఎదుటివాడి రక్షణ అంకెకి సమానమో ఎక్కువో అయితే దెబ్బ తగిలినట్టు. మన దెబ్బ అంకె రెండైతే వాడి డయల్ రెండు క్లిక్‌లు తిప్పాలి, అంకెలు మారిపోతాయి. అదే తిరక్కపోతే ఇంకేం ఆడతాం?

నేను చేసిన తెలివితక్కువ పని, బొమ్మ నడుం పట్టుకుని తిప్పడం. కాలు టప్‌మని విరిగింది. ఫెవిక్విక్‌తో అతికించాను, కుంటి జాంబీకి అదీ అందమే అనుకోండి. తర్వాత పీఠం పైఅంచు ఒక చేత్తో, కింది చక్రం ఇంకో చేత్తో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదిపితే పది నిమిషాలకి లూజయింది.

వంగిన ప్లాస్టిక్ కత్తికైతే వేడినీళ్లే. టీ గ్లాసులో పోసి, పీఠం తడవకుండా బొమ్మని తలకిందులుగా కాసేపు ముంచి, మెత్తబడ్డాక వేళ్లతో సరిచేసి, వెంటనే ఫ్రిజ్ నీళ్లలో పెట్టాను. "ఆ గ్లాసులో మళ్లీ టీ తాగావంటే చూడు" అంది అమ్మ.