తెర మీద రౌడీ – 4వ పాఠం: మెస్సులో దెబ్బ

పోయిన పాఠంలో మన రౌడీకి మాట తీరు కుదిర్చాం. ఇప్పుడు అతను చెయ్యి చేసుకునే సీను.

‘ఎప్పుడేం చేస్తాడో తెలీదు’ అన్నామని కారణం లేకుండా కొట్టించకండి. ప్రేక్షకుడు పిచ్చివాడనుకుని వదిలేస్తాడు. కారణం నటుడికి ముందే తెలియాలి, మిగతావాళ్లకు దెబ్బ పడ్డాకే తట్టాలి. 2000లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా ‘చాపర్’ చూడండి. హీరో ఒకణ్ణి కాల్చి, తనే ఆసుపత్రికి తీసుకెళ్తాడు. ఆ వేషం వేసిన ఎరిక్ బానా అప్పటిదాకా టీవీలో కామెడీ చేసినవాడు. అందుకే ఈ పాత్రకు కండలకంటే ముందు టైమింగ్ చూసి నటుణ్ణి ఎంచుకోమంటాను.

ఇక అభ్యాసం. చెన్నై వడపళనిలో ఆంధ్రా మెస్, మధ్యాహ్నం. ఒకటిన్నర పేజీ, అంటే సుమారు నిమిషన్నర. రౌడీ సప్లయర్‌తో వచ్చీరాని తమిళంలో ‘రసం పోడుంగ’ (వెయ్యండి) అంటాడు. పక్కనున్న స్నేహితుడు నవ్వి, ‘ఊత్తుంగ (పొయ్యండి) అనాలన్నా’ అని దిద్దుతాడు. రౌడీ కూడా నవ్వుతాడు. స్నేహితుడి అన్నంలో నెయ్యి వేస్తాడు, ‘పాప ఫీజు కట్టావట్రా?’ అని అడుగుతాడు. అతను జవాబు చెబుతుండగా గ్లాసుతో కొడతాడు. తర్వాత సప్లయర్ వైపు తిరిగి, మెల్లగా: ‘రసం ఊత్తుంగ.’

నెయ్యికీ దెబ్బకీ మధ్య కనీసం 15 సెకన్లు మామూలు మాటలు నడవాలి. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు: నటుడు కళ్లు పెద్దవి చేస్తాడు, కెమెరా దగ్గరికి జరుగుతుంది, వెనక డ్రమ్ము మ్యూజిక్ మొదలవుతుంది. మూడూ ముందే చాటింపు వేసినట్టే. ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు చాలు.

కెమెరాను రౌడీ భుజం వెనక పెట్టండి. గ్లాసు ముఖానికి జానెడు ఇవతలగా పోవాలి, అదే క్షణంలో స్నేహితుడు తల తిప్పాలి. పక్క నుంచి తీస్తే ఆ ఖాళీ దొరికిపోతుంది. చేతిలో స్టీలు గ్లాసు వద్దు, వెండి రంగేసిన పల్చటి ప్లాస్టిక్‌ది చాలు. చప్పుడు ఎడిటింగ్‌లో కలుపుకోవచ్చు. నెత్తురుకు 4 చెంచాల చక్కెర పాకం, అర చెంచా ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కాఫీ పొడి. కాఫీ పొడి మానేస్తే కుంకుమ నీళ్లలా కనిపిస్తుంది.

దెబ్బ పడగానే కట్ చెప్పకండి. స్నేహితుడి ముఖం మీద 4 సెకన్లు ఆగండి: నోట్లో ముద్ద అలాగే ఉంది, మింగాలో ఉమ్మాలో తెలీడం లేదు. ఈ షాట్ లేకపోతే సీను మొత్తం రౌడీకి హారతి పట్టినట్టవుతుంది.

వచ్చే పాఠానికి ఇదే సీనును సప్లయర్ చూపు నుంచి అర పేజీలో రాసి ఉంచుకోండి.