డాక్టరు జబ్బు తప్పుగా చెబితే అది నిర్లక్ష్యమేనా? తేల్చుకోవడం ఎలా

గుండెపోటుతో వచ్చిన మనిషిని గ్యాస్ అని మాత్ర ఇచ్చి పంపేశారంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ కేసు అనుకునే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, జబ్బును తప్పుగా గుర్తించిన ప్రతిసారీ అది నిర్లక్ష్యం కాదు. ఎంత జాగ్రత్తగా చూసే డాక్టరైనా పొరబడొచ్చు. కోర్టు ముఖ్యంగా చూసేది, ఆ రోజు అవే లక్షణాలు కళ్ల ముందుంటే అదే విభాగంలో పనిచేసే మరో సమర్థుడైన డాక్టరు ఏం చేసేవారని.

ఛాతీనొప్పి, చెమటలు అని చెప్పినా ఈసీజీ తీయలేదంటే గట్టిగా నిలదీయాల్సిందే. ఈసీజీ తీసి, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే ప్రోటీన్) చూసి, అన్నీ మామూలుగా ఉన్నాయని, నొప్పి మళ్లీ వస్తే వెంటనే రమ్మని చెప్పి పంపారా, అప్పుడు తప్పు పట్టడం కష్టం. స్కాన్ రిపోర్టులో గడ్డ ఉందని రాసి ఉన్నా ఎవరూ చదవకపోవడం మాత్రం నిర్లక్ష్యం వైపే మొగ్గుతుంది.

నిర్లక్ష్యం రుజువైనా సరిపోదు, ఆ తప్పు వల్లే నష్టం జరిగిందని చూపాలి. 1960ల్లో ఇంగ్లండ్‌లో ముగ్గురు వాచ్‌మెన్లు ఆర్సెనిక్ అనే విషం కలిసిన టీ తాగి వాంతులతో ఆసుపత్రికి వెళ్తే డాక్టరు చూడకుండానే ఇంటికి పొమ్మన్నారు, ఒకాయన చనిపోయాడు. చూడకపోవడం తప్పేనని కోర్టు అంది, అయితే చూసినా అతను బతికేవాడు కాదని తేల్చి, పరిహారం ఇవ్వలేదు. నాకైతే ఇది ఇప్పటికీ మింగుడుపడదు, కానీ చట్టం లెక్క అదే.

అందుకే ముందు వేరే డాక్టరుకు చూపించి సరైన వైద్యం మొదలుపెట్టండి, మిగతావన్నీ తర్వాత. డిశ్చార్జ్ సమ్మరీతో సరిపెట్టుకోకుండా కేస్ షీటు, నర్సుల నోట్సు, ల్యాబ్ రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు అన్నీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఏ తేదీన ఎవరికి ఏ బాధ చెప్పారో, వాళ్లు ఏమన్నారో ఇవాళే కూర్చుని రాయండి, డాక్టరుకు మీరు చెప్పకుండా వదిలేసినవి ఉంటే అవి కూడా. ఆ కాగితాలు పట్టుకుని, మీకు వైద్యం చేసినవాళ్లతో సంబంధం లేని అదే స్పెషాలిటీ డాక్టరును కలిసి, "ఇది అప్పుడే తెలిసి ఉంటే ఏం మారేది?" అని సూటిగా అడగండి. పెద్దగా ఏమీ మారేది కాదంటే కేసు నిలబడటం కష్టం. ఉదాహరణకు, కాలు తీసేయాల్సి వచ్చేది కాదంటే మాత్రం వెంటనే లాయరును కలవండి, ఎందుకంటే కేసు వేయడానికి గడువు ఉంటుంది, అది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. ఈలోగా ఆసుపత్రి వాళ్లు డబ్బిస్తామని ఏదైనా కాగితం ముందు పెడితే, లాయరు చదివేదాకా సంతకం పెట్టకండి.