కథ తిరిగొచ్చిందా? ముందు ఇది చదవండి

రాజోలు దగ్గర ఒక పల్లెటూళ్ళో బ్రాంచి పోస్టుమాస్టర్‌గా పనిచేస్తున్నాను. కథలు రాస్తాను. ఒకప్పుడు పత్రికల నుంచి తిరిగొచ్చే కవర్లన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళేవి. వాటిలో నావీ ఉండేవి, చుట్టుపక్కల ఊళ్ళలో రాసేవాళ్ళవీ ఉండేవి. కథతో పాటు తిరుగు కవరూ మనమే పెట్టి పంపేవాళ్ళం. దాని మీద దస్తూరీ మనదే, అంటించిన స్టాంపులూ మనవే కాబట్టి విప్పకముందే లోపలేముందో తెలిసిపోయేది. ఇప్పుడు కథ మెయిల్లో వెళ్తోంది, వద్దన్న మాట కూడా మెయిల్లోనే వస్తోంది. చాలాసార్లు అదీ రాదు. కొత్తగా రాస్తున్న పిల్లలు ఆఫీసు కట్టేసే వేళకి వచ్చి, "ఇప్పుడేం చెయ్యాలక్కా?" అని అడుగుతారు. వాళ్ళకి చెప్పే మాటలే ఇవి.

ఆ రోజుకి ఏమీ చెయ్యకండి. బాధగా ఉంటుంది, ఉండనివ్వండి. నెలల తరబడి రాసింది కాదన్నారంటే అన్నం సయించకపోవడం మామూలే. కానీ ఆ వేడిలో సంపాదకుడికి జవాబు రాయొద్దు, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. మన తెలుగు పత్రికల లోకం చాలా చిన్నది. ఇవాళ ఒక పత్రికలో కథలు చూసే మనిషే రేపు ఇంకోచోట పోటీకి న్యాయనిర్ణేతగా ఉంటారు. కథ డిలీట్ చెయ్యడం అసలే వద్దు. అందులో ఒక్క పేరా బాగున్నా అది మీ ఆస్తే.

ఇంకో మాట. కథ పంపినట్టు ఊరంతా చెప్పకండి. చెప్తే పాల కేంద్రం దగ్గరా, రేవులోనూ, పెళ్ళి భోజనాల్లోనూ "ఏమ్మా, కథ పడిందా?" అని అడుగుతూనే ఉంటారు. వాళ్ళకి మన మీద అభిమానమే గానీ, పడలేదని పదిమందికి పదిసార్లు చెప్పుకోవడం అసలు తిరస్కారం కన్నా ఎక్కువ కుంగదీస్తుంది. ఇంట్లో ఒక్కరికి చెప్పండి, చాలు.

రెండో రోజు నుంచి అసలు పని మొదలవుతుంది. మా వైపు ధాన్యం కొనేటప్పుడు తేమ 17 శాతం దాటితే తీసుకోరు. రైతు ఆ ధాన్యాన్ని రోడ్డు వార పరిచి, రెండెండలు ఎండబెట్టి మళ్ళీ పట్టుకొస్తాడు. మిషను అంకె చూపించింది కాబట్టి ఏం చెయ్యాలో అతనికి తెలుసు. కథకి అలాంటి మిషను లేదు. పత్రిక వద్దంటుంది గానీ ఎందుకో చెప్పదు. వాళ్ళు చెప్పకుండా వదిలేసిన చోట "నాకు రాయడం రాదు" అని మనమే రాసేసుకుంటాం. రాయడం మానేసిన వాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళని మాన్పించింది పత్రిక కాదు, వాళ్ళంతట వాళ్ళు ఊహించుకున్న ఆ కారణమే. అందుకని కారణం ఊహించుకోకుండా వెతకండి. తేలిగ్గా తేలిపోయేవాటితో మొదలుపెట్టండి.

ముందు ఫైలు చూడండి. డీటీపీలో వాడే అను ఫాంట్లలో టైపు చేసి వర్డ్ ఫైలు పంపితే, అవతల ఆ ఫాంట్లు లేకపోతే తెరమీద అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఆ కథని ఎవరూ చదవలేదు, కాబట్టి కాదనీ అనలేదు. పత్రిక యూనికోడ్ (ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు అక్షరాలు కనిపించే పద్ధతి) అడిగితే యూనికోడే పంపాలి. పదాల పరిమితి ఇస్తే దాన్ని దాటకూడదు. రచన సొంతమనీ, అనువాదం కాదనీ, మరెక్కడా పరిశీలనలో లేదనీ రాసిచ్చే హామీ పత్రం జత చెయ్యకపోతే చాలాచోట్ల పక్కన పెట్టేస్తారు. పోటీలో కథ మీద పేరు ఉండకూడదన్న నిబంధన ఉంటే, చివరి పేజీ కింద ఫోన్ నంబరు మిగిలిపోయిందేమో చూసుకోండి. సంక్రాంతి కథని డిసెంబరు ఆఖర్లో పంపితే ఎంత బాగున్నా వాళ్ళకి పనికిరాదు. పండగ సంచిక అప్పటికే పేజీలు కట్టేసి ఉంటుంది.

తర్వాత, ఆ పత్రిక ఎలాంటి కథలు వేస్తుందో చూడండి. శాఖా గ్రంథాలయంలో కూర్చుని ఒక్కో పత్రిక ఆరేడు సంచికలు వరసగా తిరగేస్తే సంగతి తెలిసిపోతుంది. పాతవి కావాలంటే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉంది. అంత దూరం వెళ్ళలేకపోతే, కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం వెబ్‌సైటులో వేల కథలు, అవి అచ్చయిన పత్రికల పేజీలతో సహా దొరుకుతాయి. ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. కరోనా తర్వాత అచ్చు పత్రికల్లో చోటు బాగా తగ్గింది. నవ్య వారపత్రిక, చతుర, విపుల ఇప్పుడు అచ్చులో రావడం లేదు. ఉన్న కొద్ది పేజీల కోసం అందరూ పంపుతున్నారు. తిరిగొచ్చిన ప్రతి కథా బాగాలేనిదేం కాదు.

పోటీలో రాకపోతే ఇంకా తక్కువ బాధపడండి. బహుమతులు మూడో నాలుగో ఉంటాయి. ఫలితాల జాబితా చివరిదాకా చదవండి, సాధారణ ప్రచురణకు తీసుకున్నవాటిలో మీ పేరు ఉండొచ్చు. దాన్ని చిన్నచూపు చూడకండి. పశ్చిమ గోదావరి తిరుపతిపురంలో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో వచ్చింది రెండో బహుమతే. డెబ్బై ఏళ్ళు దాటినా తెలుగువాళ్ళు ఆ కథ చదువుతూనే ఉన్నారు.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయనుకోండి. అప్పుడు కథ దగ్గరికి రావాలి. మా పక్క ఊరి కుర్రాడొకడు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉంటాడు. తిరిగొచ్చిన కథ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మన యాస వల్లే తిప్పి పంపేశారండి" అన్నాడు. చదివాను. యాసలో తప్పేం లేదు. మొదటి పేజీ అంతా తెల్లవారడం, గోదావరి గలగలలు, వరసగా కొబ్బరిచెట్లు. రెండో పేజీలో కథానాయకుడి కుటుంబ పరిచయం. మూడో పేజీ సగానికొచ్చాక అర్ధరాత్రి కరెంటు పోయి చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయి. జనరేటర్ స్టార్ట్ అవదు. తెల్లవారుజాముకి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది. జీతగాడు ఒక్కడూ గట్టుమీద ఆ చీకట్లో నిలబడి యజమానికి ఫోన్ చెయ్యాలి. అతని అసలు కథ ఉన్నది అక్కడ. సంపాదకుడు అక్కడిదాకా వచ్చి ఉండడు. కొబ్బరిచెట్లతో మొదలయ్యే కోనసీమ కథలు ఆయన బల్ల మీద ఎన్ని ఉంటాయో మీరే ఆలోచించండి.

"రాత్రి నీకు మెలకువ ఎలా వచ్చింది?" అనడిగాను. "ఏరేటర్ల చప్పుడు ఆగిపోయిందండి. ఆ చప్పుడు ఉంటేనే నిద్ర పడుతుంది మాకు" అన్నాడు. అది కథలో ఎక్కడా లేదు. ఇప్పుడు అతని కథ ఇలా మొదలవుతుంది: "చెరువు మీద చప్పుడు ఆగిపోయింది. సత్తిబాబు ఉలిక్కిపడి లేచాడు." మిగతా రెండున్నర పేజీల్లో నిజంగా కావలసింది నాలుగు వాక్యాలే. అవి మధ్యలో సర్దుకున్నాయి. అలా మార్చి పంపినా రెండో పత్రిక వాళ్ళూ తీసుకోలేదు. అయినా ఈసారి అతనికి కథ మీద నమ్మకం పోలేదు, ఎందుకంటే ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో అతనికి తెలుసు.

మీ కథకీ ఇదే చెయ్యండి. గట్టిగా పైకి చదవండి, వీలైతే సాహిత్యంతో సంబంధం లేని మనిషికి వినిపించండి. ఎలా ఉందని అడగొద్దు. "బాగుందమ్మా" అనేస్తారు. ఎక్కడ దృష్టి పక్కకి పోయిందో మీరే కనిపెట్టండి. మా అత్తగారికి చదువుతుంటే ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింటుంది. చెయ్యి ఆగిన చోటు బాగున్నట్టు, "స్టవ్ కట్టావా?" అన్న చోటు కొట్టెయ్యాల్సినట్టు. పేరున్న విమర్శకుల మాట కన్నా ఈ పరీక్ష మీద నాకు గురి ఎక్కువ.

యాస గురించి ఒక్క మాట. మన "ఆయ్", "అండి" సంభాషణల్లో హాయిగా ఉంచుకోండి, అవి తీసేస్తే మన మనుషులే ఉండరు. మాట మాటకీ అవే గుప్పిస్తే మాత్రం చదివేవాడు మనిషిని వదిలేసి యాసని వింటూ కూర్చుంటాడు.

ఏ సంపాదకుడైనా కారణం రాసి పంపితే దాన్ని జాగ్రత్తగా దాచుకోండి. అది అరుదు. 1998 నుంచి వస్తున్న ఈమాట లాంటి వెబ్ పత్రికల్లో సూచనలిచ్చి, తిరగరాయమని అడిగే పద్ధతి ఉంది. అలాంటి ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు కోపం వస్తుంది. వారం ఆగి మళ్ళీ చదవండి. ఒప్పుకున్నవి మార్చండి, ఒప్పుకోనివి ఎందుకు మార్చలేదో మర్యాదగా రాయండి. అన్నిటికీ తలాడించనక్కర్లేదు.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ కథ, ఏ పత్రికకి, ఏ తేదీన పంపారు, ఏ జవాబు వచ్చింది, తర్వాత ఏం మార్చారు. ఇది నా ఉద్యోగం నేర్పిన అలవాటు. రాకపోకలు రాసి ఉంటే టెన్షన్ తగ్గుతుంది, రోజుకి నాలుగుసార్లు మెయిల్ తెరిచి చూసుకునే పని ఉండదు. పైగా ఒకే కథ రెండు చోట్లకి వెళ్ళే ప్రమాదం తప్పుతుంది. హామీ పత్రం మీద సంతకం పెట్టాక అలా పంపడం మాట తప్పడమే.

తిరస్కారం వచ్చిన వారంలో ఫోన్లు చేసేవాళ్ళుంటారు, జాగ్రత్త. "సంకలనంలో మీ కథ వేస్తాం, పేజీకి ఇంత కట్టండి, శాలువా, బిరుదు ఇస్తాం" అంటారు. మనసు నొచ్చుకుని ఉన్నప్పుడు ఆ మాట తియ్యగా ఉంటుంది. కట్టకండి. ఆ డబ్బుతో ఏడాది పొడుగునా పత్రికలు కొనుక్కుని చదవొచ్చు.

జవాబే రాకపోతే ఎన్నాళ్ళు చూడాలి? పత్రిక గడువు చెప్తే ఆ గడువు దాకా, చెప్పకపోతే మూడు నెలలు. తర్వాత ఇలా రాయండి: "ఫలానా తేదీన పంపిన ఫలానా కథపై మీ నిర్ణయం తెలియలేదు. ఈ నెలాఖరులోగా కబురు రాకపోతే కథను ఉపసంహరించుకుని వేరే పత్రికకు పంపుకుంటాను. నమస్కారాలతో." అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ వద్దు, నిష్ఠూరం అసలే వద్దు. నెలాఖరు దాటగానే నోటుబుక్కులో ఆ వరస కొట్టేసి, కింద వరసలో కొత్త పత్రిక పేరు, తేదీ రాసి ఆ రోజే పంపించెయ్యండి.