దాణా మార్పుతో దూడలకు పట్టుకున్న పారుడు ఎలా తగ్గింది: నా అనుభవం

మూడు నెలలు నిండి పాలు మాన్పించిన మా నాలుగు ముర్రా పెయ్యదూడలను ఇంట్లో కలిపిన దాణాకు మార్చిన మూడో రోజునే పుల్లటి వాసనతో పారుడు మొదలైంది. నట్టల మందు, తవుడు తగ్గించడం, దాణా నానబెట్టడం ఏవీ పనిచేయలేదు.

చివరకు పాత దాణాకే తిరిగి వెళ్లి, పేడ గట్టిపడేదాకా ఐదు రోజులు ఆగాను. ఆ తరువాత మొక్కజొన్న నూక, వేరుశనగ చెక్క, తవుడు, ఖనిజ లవణ మిశ్రమం ఉన్న కొత్త దాణాను నాలుగేసి రోజులు పావు వంతు, సగం, ముప్పావు చొప్పున పాతదానిలో కలుపుతూ, దూడకు రోజుకు ఒక కిలోను రెండు పూటలుగా పెట్టాను. అన్నిటికంటే మేలు చేసిందని నాకు తోచినది, దాణాకు ముందే కాస్త ఎండుగడ్డి తినిపించడం. ఆకలి మీద ఉన్న దూడ నూకను గబగబా మింగితే పెద్దపొట్టలో ఆమ్లం పెరుగుతుంది, అక్కడి సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడటానికీ సమయం కావాలి. సగం పాళ్ల దశలో అన్నిటికంటే చిన్నది తోక తడిసి, తొట్టి వాసన చూసి తల తిప్పుకోగా, దానికి మాత్రం రెండు రోజులు పావు వంతే పెట్టాను. పదమూడో రోజుకు నాలుగూ తొట్టి అడుగు నాకాయి.

ఇది నాలుగు దూడల అనుభవమే, మీ దూడలకు గడువు ఎక్కువ పట్టవచ్చు. పేడలో రక్తం, జ్వరం కనిపిస్తే దాణాను అనుమానిస్తూ కూర్చోకుండా వెంటనే పశువైద్యునికి చూపించండి.