గోదావరి జిల్లాల పట్టణాల్లో అద్దె ఇల్లు ఎలా చూసుకోవాలి?

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక భీమవరం, అమలాపురం జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేటు, దాని వెనకే ఆఫీసులు, ఉద్యోగులు వచ్చారు. ఊరి చివరి వరి చేలు మెరక చేసి ప్లాట్లు వేశారు, పాత పేటల్లో పెంకుటిళ్లు తీసేసి అపార్ట్‌మెంట్లు కట్టారు. ఊరు పెరగాలని కొందరు, చెరువులూ చేలూ పూడ్చేస్తే వాన నీళ్లు ఎక్కడికి పోతాయని ఇంకొందరు. అద్దెకు దిగేవాడికి ఆ రెండో మాటే ముఖ్యం. మనం గదులు, వంటిల్లు, ఈశాన్యం చూసుకుని వచ్చేస్తాం. డెల్టాలో వాటికన్నా ముందు చూడాల్సింది నీళ్ల సంగతి.

1. ఇంట్లోకి వెళ్లకముందే వీధి చూడండి

రోడ్డు మీద నిలబడి గడప ఎంత ఎత్తులో ఉందో చూడండి. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది వేస్తూ పోవడంతో చాలా పేటల్లో రోడ్డు పైకి లేచింది, ఇళ్లు గుంటలో పడ్డాయి. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన అరుగు ఇప్పుడు రోడ్డుకి సమానంగా ఉంటే, ఆ ఇంట్లో కింద వాటా వద్దు. మేడమీద వాటా ఖాళీగా ఉంటే అడగండి.

తర్వాత వీధి కాలువ ఎటు పారుతోందో చూడండి. భీమవరంలో మురుగు చాలావరకు చేరేది యనమదుర్రు డ్రెయిన్‌కి. అది నిండితే వీధి కాలువ వెనక్కి తంతుంది. రాజమండ్రిలో గోదావరి పెరిగితే ఊళ్లో వాన నీళ్లు నదిలోకి దిగవు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకెలు టీవీలో వచ్చినప్పుడు మీ వీధి పరిస్థితేమిటో దిగకముందే తెలుసుకోవాలి.

ఈ సంగతి ఓనరుగారిని అడిగి లాభం లేదు. మూల మీద ఇస్త్రీ బండి అతన్నో కిళ్లీకొట్టు ఆవిడనో అడగండి. "ఏవండీ, పెద్ద వానొస్తే ఇక్కడ నీళ్లు నిలుస్తాయా?" అంటే "మోకాళ్ల దాకా వస్తాయండి, పొద్దుటికి లాగేస్తాయండి" అని ఉన్నమాట చెప్పేస్తారు.

2. గోడ కింది భాగం, కుళాయి

కొత్తగా రంగులేసిన ఇల్లు చూసి మురిసిపోవద్దు. బీరువా పెట్టే గోడ దగ్గర కూర్చుని కింది రెండడుగులూ చేత్తో తడమండి. పొడి రాలినా, రంగు బుడగలా లేచినా గోడ నెమ్ము లాగుతోందన్నమాట. ముందుగదిలో గోడకి నడుము ఎత్తు దాకా టైల్స్ అతికించి ఉంటే, ఎందుకు అతికించారో అడగండి. అందం కోసమే అంటారు. పక్క గదిలో టైల్స్ లేని గోడ చూస్తే మీకే తెలుస్తుంది.

బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడాల్సిందే. రొయ్యల చెరువుల పక్కన, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పగా ఉంటాయి. గీజరు, వాషింగ్ మెషిన్ పాడైపోతాయి. మున్సిపల్ కుళాయి ఉందంటే ఎన్ని గంటలకు వస్తుందో, వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక కూడా వస్తుందో అడగండి. కాలువ నీళ్లతో చెరువు నింపుకునే ఊళ్లలో మే నెల దాటడమే పెద్ద టెన్షన్.

3. కాగితాలు, మీటరు

వీధిలో రోడ్డు వెడల్పు చేసే ప్లాన్ ఉందేమో వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడగండి. ముందుగది కొట్టేస్తారని దిగాక తెలిస్తే ఏం చేస్తాం?

రెండు వాటాలకు ఒకటే మీటరు ఉంటే జాగ్రత్త. 2022లో అమల్లోకి వచ్చిన కరెంటు టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. వాటాకి 120 యూనిట్లు వాడితే, విడి మీటర్లున్నప్పుడు ఒక్కొక్కరికి సుమారు 395 రూపాయలు. అదే ఒకే మీటరు మీద 240 యూనిట్లయితే 1,148. అంటే మనిషికి 574. ఇతర చార్జీలు వేరే. సబ్ మీటరు పెట్టి సగం సగం అన్నా ఈ తేడా పోదు. అద్దె తగ్గించమనడానికి ఇది మంచి లెక్క.

అగ్రిమెంటు 11 నెలలకే రాస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు, కానీ 1908 రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రం 1999లో చేసిన సవరణ ప్రకారం ఏడాది లోపు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ చేయించడం రిజిస్ట్రేషన్ కాదు. మీ ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం అద్దె చూపించుకోవాలంటే, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరుగారి పాన్ నంబరు కావాలి. అడ్వాన్సు ఇచ్చాక అడిగితే ఇవ్వరు, ముందే అడగండి.

4. బేరం ఎప్పుడు?

ఆషాఢంలో. మనవాళ్లు ఆ నెలలో పాలు పొంగించరు కాబట్టి ఖాళీ ఇళ్లు అలాగే ఉండిపోతాయి. మీకు పట్టింపు లేకపోతే దిగిపోండి, ఉంటే అప్పుడే మాట్లాడి అడ్వాన్సు ఇచ్చి శ్రావణంలో చేరండి. కాలేజీలు తెరిచే జూన్‌లో మాత్రం బేరానికి వెళ్లవద్దు.

"మీరేమిట్లండీ?" అనే ప్రశ్న తప్పదు. కులం చూసి ఇల్లివ్వడం తప్పని నా అభిప్రాయం, కానీ ఆ ప్రశ్నకు మొహమాటపడి నాన్చకుండా, అద్దె గురించి మాట్లాడదామండీ అని మాట మార్చేస్తే సగంమంది ఆగిపోతారు. ఆగనివాళ్ల ఇంట్లో ఎలాగూ రోజూ ఇబ్బందే.

5. అడ్వాన్సు ఇచ్చే రోజు

గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు, మీటరు రీడింగు ఫోనులో వీడియో తీసి ఓనరుగారికి వాట్సాప్ చేయండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె కోసుకోవడం మన వైపు మామూలు. కోస్తారా, ఎంత కోస్తారు అన్నది అగ్రిమెంటులోనే రాయించండి. రాజమండ్రిలో ఘాట్ల దగ్గర ఇల్లు తీసుకుంటుంటే ఇంకో మాట కూడా తేల్చుకోవాలి. గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో. ఆ పన్నెండు రోజులూ చుట్టాలొస్తారని మిమ్మల్ని ఖాళీ చేయమనకుండా, పుష్కరాల పేరుతో మధ్యలో అద్దె పెంచకుండా ఒక వాక్యం చేర్పించండి. నోటిమాట చాలదు.