రిపోర్టులన్నీ నార్మల్, నీరసం మాత్రం తగ్గట్లేదు: ఎక్కడ వెతకాలి?

సీబీపీ (రక్తకణాల లెక్క), షుగర్, థైరాయిడ్, కిడ్నీల కోసం క్రియాటినిన్ అన్నీ చేయించారు. తేడా ఉందని చెప్పే స్టార్ గుర్తు ఎక్కడా పడలేదు. డాక్టరు గారు "ఏమీ లేదమ్మా, బలానికి రాస్తున్నాను" అని పంపేశారు, మీకేమో మధ్యాహ్నానికే ఒళ్లు వాలిపోతోంది. మన వైపు ఇలాంటప్పుడు జనం చేసేది రెండే పనులు: ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకోవడం, లేదంటే శ్రీకాకుళమో విజయనగరమో వెళ్లి పెద్ద ప్యాకేజీకి డబ్బులు కట్టడం. రెండూ అప్పుడే వద్దు. సెలైన్ సీసాలో ఉండేది ఉప్పునీళ్లే, మహా అయితే కాస్త గ్లూకోజ్. వాంతులూ విరేచనాలై నీరు పోయినవాళ్లకి అది ప్రాణం పోస్తుంది గానీ నెలల తరబడి ఉన్న నీరసానికి మందు కాదు. పైగా అందులో బీ12 సూది కలిపితే తర్వాత టెస్టులో బీ12 బోలెడంత కనిపిస్తుంది, అసలు లోపం ఉందో లేదో ఇక తేలదు. అందుకే టెస్టు ముందు, సూది తర్వాత.

మొదట మీ నీరసం ఏ రకమో తేల్చుకోండి. కూర్చుంటే కునుకు వస్తోందా? నాలుగు మెట్లెక్కితే ఆయాసమా? కింద కూర్చుని లేవడానికి తొడల్లో బలం చాలట్లేదా? లేక ఒంట్లో ఓపిక ఉన్నా ఏ పనీ చెయ్యబుద్ధి కావట్లేదా? అన్నిటినీ మనం నీరసం అనే అంటాం, డాక్టరు మాత్రం ఒక్కోదానికి ఒక్కో చోట వెతకాలి. రెండు వారాలు నోట్‌బుక్‌లో రాయండి: ఎన్నింటికి పడుకున్నారు, ఏ టైముకి, ఏం చేశాక నీరసం ఎక్కువైంది, సాయంత్రం జ్వరం ఉందా, బరువు తగ్గుతోందా, నెలసరి ఎన్ని రోజులు. వేసుకునే మాత్రలన్నీ కూడా రాయండి. జలుబుకని రోజూ మింగే సిట్రిజిన్, బీపీకి వాడే అటెనోలాల్, మెటోప్రోలాల్, నరాల నొప్పులకి ఇచ్చే అమిట్రిప్టిలిన్, ప్రీగాబలిన్ కూడా మనిషిని మందంగా చేస్తాయి. అలాగని మీ అంతట మీరు ఆపెయ్యకండి, ముఖ్యంగా అటెనోలాల్ లాంటివి ఒక్కసారిగా ఆపితే గుండెకి ప్రమాదం.

ఇప్పుడు పాత రిపోర్టు తీసి హిమోగ్లోబిన్ చూడండి. ఆడవాళ్లకి 12 దాటితే నార్మల్ అంటారు. కానీ ఒంట్లో ఇనుము నిల్వ ముందు అయిపోతుంది, హిమోగ్లోబిన్ ఆ తర్వాత పడుతుంది. ఆ నిల్వని చెప్పేది ఫెరిటిన్, మామూలు సీబీపీలో అది ఉండదు, విడిగా అడగాలి. అది 30 కంటే తక్కువ ఉంటే నిల్వ అడుగంటినట్టే. చాలా ల్యాబుల పేపర్ల మీద రేంజి ఇంకా కిందనే మొదలవుతుంది కాబట్టి మీకు 16 వచ్చినా స్టార్ పడకపోవచ్చు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పైకి కనిపిస్తుంది, అవి తగ్గాక చేయించుకోండి. నెలసరిలో ఎక్కువగా పోయేవాళ్లకీ, చెప్పుల్లేకుండా పొలంలో దిగి కొంకిపురుగులు పట్టినవాళ్లకీ ఇది మామూలే. అదే మగవాళ్లలోనో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలోనో తక్కువ వస్తే ఇనుము మాత్ర రాయించుకుని ఊరుకోకూడదు, రక్తం ఎక్కడ పోతోందో, మొలలా, కడుపులో పుండా, పేగులో గడ్డా, చూసి తీరాలి. చోడి అంబలి మంచిదే, తాగండి, కానీ ఫెరిటిన్ 8 ఉన్న మనిషికి అంబలి చాలదు, మాత్రలు కావాలి. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం మానండి, తిన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

కిడ్నీల సంగతి మన జిల్లాల్లో కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. క్రియాటినిన్ 1.2 అంటే చాలా పేపర్ల మీద నార్మలే. పాతికేళ్ల కుర్రాడికి నిజంగానే ఫర్వాలేదు. అదే 1.2 అరవై ఏళ్ల ఆడమనిషికి వస్తే లెక్క కడితే ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె, 50 దగ్గర తేలుతుంది, 60 కంటే తక్కువ మూడు నెలలు దాటి అలాగే ఉంటే కిడ్నీ జబ్బు కిందే లెక్క. కాబట్టి క్రియాటినిన్ ఒక్కటే చూడకండి, ఈజీఎఫ్‌ఆర్ ఎంతో అడగండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు వాళ్లయితే ఇంకో మాట: ఉద్దానంలో కనిపించే రకం జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకపోవచ్చు, మూత్రం బాగుందంటే కిడ్నీ బాగున్నట్టు కాదు. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రి ఉంది, అక్కడ చూపించుకోవచ్చు. ఒళ్లు నొప్పులకని రోజూ మందుల షాపులో కొనే డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ మాత్రం ఈలోపు ముట్టుకోకండి.

బీ12 ఎవరికి చూడాలంటే, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునే షుగర్ వాళ్లకి, గ్యాస్‌కని రోజూ పాంటోప్రజోల్ మింగేవాళ్లకి, నీసు తినని వాళ్లకి, కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కేవాళ్లకి. 200 నుంచి 300 మధ్య వస్తే అది లోపమో కాదో ఆ అంకె ఒక్కటే తేల్చదు. షుగర్ పరగడుపున మాత్రమే చూసి ఉంటే తిన్నాకది, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చూడాలి. టీఎస్‌హెచ్ బాగుంటే సాధారణంగా థైరాయిడ్ వెంట పడడం అక్కడితో ఆపొచ్చు, కాకపోతే జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే చెప్పండి, అవి ఆ టెస్టుని తప్పుదారి పట్టిస్తాయి. సీతంపేట, పార్వతీపురం వైపు ఏజెన్సీ వాళ్లయితే సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) పరీక్ష కూడా చేయించుకోవాలి.

రక్తంలో దొరకనివి కొన్ని ఉన్నాయి. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడేవాళ్లకి ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలదు. ఆ సంగతి వాళ్లకి తెలీదు, పక్కన పడుకున్నవాళ్లని అడగాలి. దానికి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష, చెయ్యాలి. పైడిభీమవరం కంపెనీల్లో వారానికో షిఫ్టు మారేవాళ్లయితే ముందు ఆ నిద్ర లెక్కే చూసుకోండి. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే పీహెచ్‌సీలో కఫం పరీక్ష ఉచితం, ఆలస్యం వద్దు. మనసు బాగోకపోతే ఒళ్లు కూడా లేవదు, దీనికి సిగ్గుపడేది ఏమీ లేదు, టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

కోవిడ్ లాంటి జబ్బు తగిలాక మొదలై, ఆరు నెలలు దాటి, కాస్త పని చేస్తే ఆ రోజు బాగానే ఉండి మర్నాడు మంచం పట్టేస్తుంటే అది వేరే జబ్బు కావచ్చు. వాళ్లని "వాకింగ్ చెయ్, అదే పోతుంది" అని తరమకండి, ఓపిక ఉన్నంతలోనే పని ఆపుకోవాలి, లేకపోతే ఇంకా దిగజారతారు.

ఛాతీ బరువు, పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు, నల్లటి విరేచనం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే నోట్‌బుక్కులు రాస్తూ కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. అవేవీ లేకపోతే రాసుకున్నది పట్టుకుని జనరల్ మెడిసిన్ డాక్టరు ఒక్కరి దగ్గరికే వెళ్లండి, నలుగురి దగ్గరికి తిరిగితే మొదటి నుంచీ మళ్లీ మొదలే. పాత రిపోర్టులు తేదీల వరసన పెట్టండి. ఆడమనిషికి నిరుడు 13.8 ఉన్న హిమోగ్లోబిన్ ఇప్పుడు 12.1 అయితే రెండు పేపర్ల మీదా నార్మల్ అనే ఉంటుంది, పక్కపక్కన పెడితేనే పడిపోతున్నట్టు కనిపిస్తుంది.