వార్త ముసుగులో వచ్చిన యాడ్‌ను పట్టుకోవడం, ఫిర్యాదు చేయడం

ఎన్నికల్లో డబ్బు పుచ్చుకుని వేసిన వార్త మీద ‘ప్రకటన’ అని ఉండదు. ఒక్క పేపరే చదివితే దొరకదు. మీ నియోజకవర్గం వార్తలొచ్చే మూడు దినపత్రికల జిల్లా ఎడిషన్లు రోజూ తెప్పించుకోండి. అభ్యర్థి నామినేషన్ వేసిన రోజు నుంచి వచ్చినవే లెక్కలోకి వస్తాయి.

ఒకే అభ్యర్థి వార్తలను మూడింటిలోనూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే ఫొటో వచ్చిందంటే అర్థం లేదు. పార్టీవాళ్లే విలేకరులందరికీ వాట్సాప్‌లో పంపుతారు. ప్రెస్ నోట్ నుంచి రెండు వాక్యాలు కలవడమూ మామూలే. విలేకరి పేరు లేకపోవడం అసలు గుర్తే కాదు, జిల్లా పేజీల్లో చాలా వార్తలకు పేరుండదు. పోటీ పత్రికల్లో శీర్షికతో సహా పేరాలకు పేరాలు అక్షరం మారకుండా కలిస్తే మాత్రం అనుమానించాలి. ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులకూ ‘గెలుపు ఖాయం’ అని రాస్తే, అది ఇంకా గట్టి గుర్తు.

పత్రిక ఒక పార్టీని ఇష్టపడి రాయడం తప్పు కాదు. చాలా ఫిర్యాదులు వీగిపోయేది ఇక్కడే: కోపంతో ఒక్క కటింగ్ పంపి ఊరుకుంటారు. డబ్బు చేతులు మారినట్లు రుజువు మీకు ఎలాగూ దొరకదు, దాని వెంట పడకండి. దెబ్బ తగిలేది ఖర్చు లెక్క దగ్గర: డబ్బిచ్చి వేయించుకున్న వార్త అని కమిటీ తేలిస్తే, ఆ స్థలం ఖరీదు అభ్యర్థి ఎన్నికల ఖర్చులో కలుస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీలో 2007లో ఎమ్మెల్యేగా గెలిచిన ఉమ్లేశ్ యాదవ్‌పై 2011లో ఎన్నికల సంఘం మూడేళ్ల అనర్హత వేటు వేసింది. అలాంటి వార్తల ఖర్చును ఆమె లెక్కలో చూపకపోవడమే కారణం. 2022 నుంచి ఆంధ్ర, తెలంగాణల్లో ఖర్చు పరిమితి అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షల రూపాయలు.

కాబట్టి స్కేలు తీసుకుని శీర్షిక, ఫొటోతో కలిపి కొలవండి. 24 సెంటీమీటర్ల ఎత్తు, 16 వెడల్పు ఉంటే 384 చదరపు సెంటీమీటర్లు. దాని ఖరీదు మీరు లెక్కగట్టక్కర్లేదు, అది అధికారుల పని. వార్తను కత్తిరించకండి; పత్రిక పేరు, తేదీ, ఎడిషన్ కనిపించేలా పూర్తి పేజీ ఉంచండి. ఈ-పేపర్ అయితే క్లిప్ కాదు, పేజీ మొత్తం పీడీఎఫ్‌గా దించుకోండి.

ఫిర్యాదు జిల్లా ఎన్నికల అధికారి అయిన కలెక్టర్ ఆఫీసులోని ఎంసీఎంసీకి, అంటే మీడియా పర్యవేక్షణ కమిటీకి ఇవ్వాలి. వార్త వచ్చిన రోజే ఇవ్వండి. వార్త వచ్చిన 96 గంటల్లోగా అభ్యర్థికి నోటీసు వెళ్లాలి; కమిటీ చదివి తేల్చడానికీ అందులోనే టైము కావాలి. జవాబుకు అభ్యర్థికి 48 గంటలు. అర్జీలో విశేషణాలు వద్దు. పత్రిక, తేదీ, పేజీ, కొలత, కలిసిన వాక్యాలు కింద గీతలు గీసిన జిరాక్సులు చాలు. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోండి.